బందరు రోడ్డు మీద చెయ్యెత్తితే బస్సు ఆగిన రోజులు

ఉయ్యూరుకు రైలు రాలేదు. 1908లో బెజవాడ నుంచి బందరుకు మీటరు గేజి పట్టాలు వేసినప్పుడు అవి ఉప్పలూరు, ఇందుపల్లి, గుడివాడల మీదుగా చుట్టు తిరిగి వెళ్ళిపోయాయి. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు వాళ్ళకు మిగిలింది బందరు రోడ్డు, పొలాల మధ్య కాలువలు. పుట్టింటికైనా, పెళ్ళికైనా, ఆస్పత్రికైనా రోడ్డే దిక్కు. అందుకే ఇక్కడ ఏ అరుగు మీద పాత ముచ్చట మొదలైనా కాసేపటికి అది బస్సు దగ్గరకో, సైకిలు దగ్గరకో, గన్నవరం విమానాల దగ్గరకో వచ్చి ఆగుతుంది. “ఆ రోజుల్లో ప్రయాణమంటే ఎంత తేలిక!” అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాటను కొన్ని విశేషాలు నిలబెడతాయి, కొన్ని సవరిస్తాయి.

ఇంజను ఆయిలుకు ఉయ్యూరు బిడ్డ

పాతకాలపు డ్రైవరు తెల్లారుజామున బండి తీసే ముందు చేసే మొదటి పని ఆయిలు చూసుకోవడం. బానెట్ ఎత్తేవాడు. ఇంజను పక్కనున్న సన్నటి ఇనప బద్దను పైకి లాగి, భుజం మీద గుడ్డతో తుడిచి, మళ్ళీ లోపలికి దించి తీసేవాడు. బద్ద మీద ఆయిలు ఏ గీత దాకా అంటిందో చూసేవాడు. తర్వాత రెండు వేళ్ళ మధ్య ఒక చుక్క రుద్దేవాడు. జిగి పోయిందా, ఇసుకలా తగులుతోందా అన్నది ఆ వేళ్ళకే తెలియాలి.

ఆ ఆయిలును ఒక శాస్త్రంగా నిలబెట్టిన వాళ్ళలో ముఖ్యుడు ఉయ్యూరులో పుట్టాడని మనలో ఎంతమందికి తెలుసు? ఆయన పేరు కొలచల సీతారామయ్య. పుట్టింది 1899లో. 1921లో పై చదువులకు అమెరికా వెళ్ళారు. అక్కడే రసాయనశాస్త్రంలో పరిశోధన చేసి, 1930లో సోవియట్ దేశానికి వెళ్ళి, అక్కడే స్థిరపడిపోయారు. అక్కడి వాళ్ళకు ఆయన కాన్‌స్తాంతిన్ సెర్గేయెవిచ్ రామయ్య. చలికి ఆయిలు గడ్డకడితే ఇంజను తిరగదు, వేడికి మరీ పల్చబడితే లోపలి భాగాలు అరిగిపోతాయి. ఏ ఇంజనుకు ఏ ఇంధనం, ఏ ఆయిలు, అందులో ఏ రసాయనం ఎంత కలపాలి అన్న విషయాల మీద ఆయన జీవితమంతా పనిచేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో రష్యా చలికి తట్టుకుని సోవియట్ ట్యాంకులు కదలడానికి ఆ పరిశోధన పనికొచ్చింది. తర్వాత ఆ విద్యకు కెమ్మోటాలజీ అని పేరు స్థిరపడింది. సీతారామయ్యను ఆ శాస్త్రానికి పితామహుడిగా చెబుతారు. 1977లో కన్నుమూశారు. బందరు రోడ్డు మీద ఆయిలు మార్చే ప్రతి షెడ్డులోనూ ఆయన బొమ్మ పెట్టుకోవాలని నా అభిప్రాయం.

పడవకు తాడు కట్టి లాగిన కాలం

రోడ్డు కన్నా ముందు కాలువ ఉంది. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలువలు సాగుకే కాదు, ప్రయాణానికీ దారులయ్యాయి. ధాన్యం బస్తాలు, ఉప్పు, పెళ్ళి బృందాలు, అన్నీ పడవల్లోనే. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగే మనుషులు. లాకుల దగ్గర నీటి మట్టం సమానమయ్యే దాకా ఆగాలి. ఆ ఆగినప్పుడే గట్టు మీద పొయ్యి వెలిగించి వంట. రాత్రి పడవెక్కి పడుకుంటే తెల్లారి మేలుకునేసరికి మరో ఊరు. బెజవాడ నుంచి ఏలూరు కాలువ మీదుగా గోదావరి దాకా, ఇటు కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువల మీదుగా మద్రాసు దాకా నీటి మీదే పోయేవారు. బెజవాడ బందరు లాకుల సెంటరు ఆ కాలం పేరునే ఇంకా మోస్తోంది. ఈ దారినే 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. పడవలు మాత్రం తిరిగి రాలేదు.

టోలు గేటు కొత్తది కాదు

కంకిపాడు దగ్గర దావులూరు టోలు ప్లాజా వచ్చాక మన వాళ్ళు తరచూ అనే మాట: “మా తాతల కాలంలో రోడ్డు మీద నడిచినందుకు డబ్బు అడిగిన వాడు లేడు.” నిజానికి తాతల కాలంలోనే అడిగారు. మద్రాసు రాష్ట్రంలో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు రోడ్ల మీద గేట్లు పెట్టి ఎడ్లబండికి ఇంత, గుర్రబ్బండికి ఇంత, మోటారుకు ఇంత అని వసూలు చేసేవి. 1931లో మద్రాసు మోటారు వాహనాల పన్ను చట్టం తెచ్చి, ఆ గేట్లు ఎత్తేసి, వాహనానికే పన్ను వేయడం మొదలుపెట్టారు. అంటే గేటు లేని రోడ్డు అన్న సుఖం 1931 తర్వాత పుట్టిన రెండు మూడు తరాలకే దక్కింది. ఇప్పుడు వాహన పన్నూ ఉంది, గేటూ ఉంది. 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల మీద ఫాస్టాగ్ తప్పనిసరి అయింది.

మచిలీపట్నం నుంచి పూనా దాకా సాగే ఈ రోడ్డుకు నంబరు కూడా మారింది. 9వ నంబరు జాతీయ రహదారి 2010లో 65 అయింది. ఊళ్ళో ఎవరూ ఆ రెండు నంబర్లలో దేన్నీ వాడరు. అది బందరు రోడ్డు, అంతే.

బొగ్గు బస్సు

రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు రేషను పెట్టారు. బస్సులు ఆగిపోకుండా బొగ్గుతో నడిపారు. ఈ సంగతి చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు.

బస్సు వెనకాల మనిషెత్తు ఇనప డ్రమ్ము బిగించేవారు. అందులో కర్రబొగ్గు నింపి నిప్పు పెట్టేవారు. గాలి సరిపడా అందకుండా కాలిన బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. ఆ వాయువును గొట్టాల గుండా పంపి, వడపోసి, చల్లార్చి ఇంజనుకు అందించేవారు. పొద్దున్నే క్లీనరు చెయ్యాల్సిన పని చూడండి: ముందురోజు బూడిద దులపాలి, బొగ్గు నింపాలి, నిప్పు రాజెయ్యాలి, చేత్తో తిప్పే పంకాను ఆగకుండా తిప్పాలి. వాయువు మంట పట్టేదాకా తిప్పుతూనే ఉండాలి. ఆ తర్వాత బస్సు ముందుకు వచ్చి హేండిలు కొట్టాలి. ఇంజను అంటుకునేసరికి ఆ కుర్రాడి ముఖం, చొక్కా, చేతులు ఒకే రంగు.

ఇంత చేసినా పెట్రోలు మీద వచ్చే బలం వచ్చేది కాదు. వంతెన ఎక్కేచోట జనం దిగి నడిచేవారు, అవసరమైతే తోసేవారు. డెల్టా నేల చదునుగా ఉండటం ఇక్కడి బొగ్గు బస్సులకు కలిసొచ్చిన అదృష్టం. పైగా కార్బన్ మోనాక్సైడు వాసన లేని విషం. మూసి ఉన్న షెడ్డులో నిప్పు రాజేసిన వాళ్ళు ఎంత ప్రమాదంలో పనిచేశారో తలుచుకుంటే బాధ వేస్తుంది. పాత రోజుల స్వేచ్ఛ అని మనం చెప్పుకునేదాంట్లో ఇలాంటి కుర్రాళ్ళ ఊపిరితిత్తులు కూడా ఉన్నాయి.

కృష్ణా జిల్లా బస్సులు, దేశమంతా చదివే తీర్పు

ఈ దేశంలో పరిపాలనా న్యాయం చదివే ప్రతి విద్యార్థీ కృష్ణా జిల్లా బస్సుల గురించి చదువుతాడు. ఆ కేసు పేరు గుళ్ళపల్లి నాగేశ్వరరావు వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన జిల్లాలో బస్సులన్నీ ప్రైవేటు యజమానులవే. 1956లో కేంద్రం మోటారు వాహనాల చట్టానికి సవరణ తెచ్చి, బస్సు రూట్లను ప్రభుత్వాలు తీసుకోవడానికి దారి తెరిచింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కృష్ణా జిల్లా రూట్ల కోసం పథకం ప్రకటించింది. యజమానులు అభ్యంతరాలు పెట్టారు. ఆ అభ్యంతరాలను ప్రభుత్వ కార్యదర్శి కూర్చుని విన్నారు. నిర్ణయం మాత్రం ముఖ్యమంత్రి తీసుకున్నారు.

యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1958లో తీర్పు వచ్చింది. రాసింది మన తెలుగువాడే, జస్టిస్ కోకా సుబ్బారావు. ఒకరు విని మరొకరు తీర్పు చెబితే ఆ వినడం ఉత్త లాంఛనమే అవుతుందని, విన్నవారే నిర్ణయించాలని ఆయన తేల్చారు. పథకం కొట్టేశారు. ఈసారి ముఖ్యమంత్రి స్వయంగా కూర్చుని అభ్యంతరాలు విన్నారు. యజమానులు మళ్ళీ కోర్టుకెక్కారు, ఆయన నిష్పక్షపాతంగా ఉండలేరని వాదించారు. 1959లో ఆ వాదన నిలవలేదు. రూట్లు ప్రభుత్వానికి వచ్చాయి.

ఆ తొలి తీర్పుకు ముందే, 1958 జనవరి 11న, ఆర్టీసీ పుట్టింది. దాని మూలాలు నిజాం కాలంలో, 1932లో 27 బస్సులతో మొదలైన రవాణా శాఖలో ఉన్నాయి. ఆర్టీసీ బస్సుల నంబర్లలో కనిపించే జెడ్ అక్షరం నిజాం తల్లి పేరు మీద పెట్టిందని చాలామంది చెప్పుకుంటారు.

తువ్వాలు వేస్తే సీటు మనదే

రిజర్వేషను లేని రోజుల్లో రిజర్వేషను ఎలా ఉండేదంటే, బస్సు స్టాండులోకి వస్తుండగానే కిటికీలోంచి తువ్వాలు సీటు మీదికి విసిరేవారు. తువ్వాలు పడితే ఆ సీటు ఆయనదే. దాన్ని తీసి పక్కన పెట్టే సాహసం ఎవరూ చేసేవారు కాదు. తువ్వాలు లేనివాళ్ళు జేబురుమాలు, అదీ లేకపోతే సంచీ, ఒక్కోసారి చంటిపిల్లాణ్ణే కిటికీలోంచి అందించేవారు.

కండక్టరు దగ్గర టికెట్ల పెట్టె ఉండేది. చదరపు రేకు పలక, దాని మీద వరసగా బిగించిన టికెట్ల కట్టలు, ఒక్కో ధరకు ఒక్కో రంగు. చెవి మీద పెన్సిలు, వేలికి పంచి. ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ చూసి టికెట్టు మీద టక్కున చిల్లు పెట్టేవాడు. చిల్లర లేకపోతే టికెట్టు వెనక రాసిచ్చేవాడు, దిగేటప్పుడు గుర్తుచేసుకుని ఇచ్చేవాడు. రోజూ తిరిగే రూటులో కండక్టరుకు ఎవరు ఏ ఊళ్ళో దిగుతారో తెలుసు. బందరులో చదువుకునే పిల్లాడికి ఇంటి దగ్గర నుంచి కేరేజీ బస్సులో పెడితే అది చేరాల్సిన చోటికి చేరేది. రసీదు లేదు, ఓటీపీ లేదు. డ్రైవరు మాట ఉంది.

చెయ్యెత్తిన చోట బస్సు ఆపుతామని ఆర్టీసీవాళ్ళే ప్రచారం చేసుకున్న రోజులున్నాయి. పొలం గట్టు మీద నుంచి పరిగెత్తుకొచ్చే మనిషిని చూసి బస్సు ఆపి, ఆయన కాళ్ళు కడుక్కునే దాకా ఆగిన డ్రైవర్ల గురించి ఈ ప్రాంతంలో ఏ ఊరు వాళ్ళనడిగినా చెబుతారు. నాలుగు వరుసల రోడ్డు మీద నూటికి దగ్గరగా పోయే బస్సుకు ఇప్పుడు ఆ వీలు లేదు. వెనక వచ్చే లారీ గుద్దేస్తుంది.

చెరకు బళ్ళ బారు

1941లో పుట్టిన కేసీపీ సంస్థ పంచదార ఫ్యాక్టరీ ఉయ్యూరు ముఖచిత్రాన్నే మార్చింది. క్రషింగు మొదలైతే రోడ్డు పక్కన ఎడ్లబళ్ళ బారు. బండి ఇరుసు కింద వేలాడే లాంతరు ఒక్కటే వెనక వచ్చేవాడికి గుర్తు. రాత్రిపూట చీకట్లో ఆ లాంతర్లు వరసగా ఊగుతుంటే, బస్సు డ్రైవరు హారను కొట్టకుండా నిదానంగా వెనకే పోయేవాడు, ఎందుకంటే బండి మీద మనిషి నిద్రపోతుంటాడు, ఎడ్లకు దారి తెలుసు. బడి నుంచి వచ్చే పిల్లలు వెనక నుంచి గడ లాగితే బండివాడు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. బళ్ళ స్థానంలోకి ట్రాక్టర్లు వచ్చాక, కదిలే ట్రక్కు వెనక గడ లాగబోవడం ప్రాణాల మీదికి తెచ్చే పని అయింది.

సైకిలుకు బిళ్ళ

కారుకే కాదు, సైకిలుకూ లైసెన్సు ఉండేది. మున్సిపాలిటీకో పంచాయతీకో ఏడాదికోసారి పన్ను కడితే రేకు బిళ్ళ ఇచ్చేవారు. అది సైకిలుకు తగిలించుకోవాలి. రాత్రి డైనమో లైటు వెలగాలి, లేకపోతే పోలీసు ఆపేవాడు. ఇద్దరెక్కినా ఆపేవాడు. కాబట్టి అడిగేవాడే లేని కాలం అని మనం చెప్పుకునేది పూర్తిగా నిజం కాదు. తేడా ఒకటుంది: ఆపిన కానిస్టేబులుకు మీ నాన్నగారు తెలుసు.

ఏపీ 16

1989 నుంచి మన జిల్లా బండికి గుర్తు ఏపీ 16. ఏ హైదరాబాదులోనో, బెంగుళూరులోనో ఆ నంబరు కనిపిస్తే పలకరించి ఏ ఊరని అడిగేవాళ్ళు. 2019 జనవరిలో రాష్ట్రమంతటికీ ఏపీ 39 ఒక్కటే అయింది. కోరుకున్న నంబరు కోసం జిల్లా దాటి తిరగాల్సిన పని తప్పింది, నిజమే. నంబరు చూసి మనవాడని పోల్చుకునే సంబరం కూడా పోయింది.

స్కూటరు కోసం ఏళ్ళు

కొనడానికి డబ్బుంటే చాలదు, వంతు రావాలి. బజాజ్ స్కూటరుకు పేరు నమోదు చేయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసేవారు. విదేశాల నుంచి డాలర్లు పంపిన వాళ్ళకు ముందు ఇచ్చేవారు. ఆ కరువులోనే మన రాష్ట్రం సొంతంగా స్కూటరు తయారుచేసింది, పేరు పుష్పక్. ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ అన్న సంస్థ హైదరాబాదులో చేసేది, తర్వాత అది ఆల్విన్‌లో కలిసిపోయింది. 1983 డిసెంబరులో మారుతీ 800 వచ్చాక కారు కూడా మధ్యతరగతి మాట్లాడుకునే వస్తువైంది. అంతకు ముందు అంబాసిడరు, ఫియట్టు, అక్కడక్కడ స్టాండర్డ్ హెరాల్డు, అంతే. అంబాసిడరులో ఎంతమంది పడతారని అడిగితే, ఎంతమంది వస్తే అంతమంది అనేవారు.

చైతన్య రథం

పామర్రు దగ్గర నిమ్మకూరు మనిషి ఎన్.టి. రామారావు 1982 మార్చి 29న పార్టీ పెట్టి, పాత షెవర్లే వ్యానును బాగుచేయించి రాష్ట్రమంతా తిరిగారు. అదే చైతన్య రథం. స్టీరింగు కొడుకు హరికృష్ణ చేతిలో. రోడ్డు పక్కన స్నానం, చెట్టు కింద భోజనం, వ్యాను పైకెక్కి ఉపన్యాసం. 1983లో ఆయన గుడివాడ నుంచి గెలిచారు. ఆ ప్రయాణంలో ఉన్న తెగింపును, స్వేచ్ఛను ఆనాటి వాళ్ళెవరూ మరిచిపోలేదు.

అన్ని వేల మైళ్ళు బండి నడిపిన హరికృష్ణ 2018 ఆగస్టు 29న నల్లగొండ జిల్లాలో కారు ప్రమాదంలో పోయారు. కారు ఆయనే నడుపుతున్నారు. సీటుబెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ఆ వార్త విన్న రోజు ఈ జిల్లాలో పొయ్యి వెలగని ఇళ్ళున్నాయి. హెల్మెట్టు, సీటుబెల్టు విషయంలో పాత రోజులే నయం అనేవాళ్ళతో నేను ఏకీభవించను. ఆ రెండూ ప్రాణం కాపాడే నియమాలు.

ఎడ్లబండి మీద విమానం పెట్రోలు

ఇక ఆకాశం సంగతి. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి తపాలా సంచులతో చిన్న పస్ మాత్ విమానం నడుపుకుంటూ బొంబాయి చేరారు. దారిలో అహమ్మదాబాదులో దిగితే, విమానానికి పెట్రోలు డబ్బాలు ఎడ్లబండి మీద వచ్చాయి. బొంబాయి నుంచి ఆ సంచుల్ని నెవిల్ విన్సెంట్ అనే పైలెట్ అందుకుని, చీకటి పడేసరికి బళ్ళారి చేరి, రాత్రికి అక్కడ ఆగి, మర్నాడు మద్రాసు చేర్చాడు. అప్పటి బళ్ళారి మద్రాసు రాష్ట్రంలోని దత్తమండలాల జిల్లా, తెలుగు విరివిగా వినిపించే ఊరు. టాటాల మొదటి తపాలా విమానం రాత్రి మజిలీ చేసింది మనవాళ్ళ మధ్యే.

1945లో హైదరాబాదులో డెక్కన్ ఎయిర్‌వేస్ మొదలైంది, డకోటాలు నడిపింది. 1953లో దేశంలోని మిగతా కంపెనీలతో పాటు అది కూడా ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

గన్నవరం

గన్నవరం విమానాశ్రయం ప్రయాణికుల కోసం పుట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం ఏర్పడింది, యుద్ధం తర్వాత పౌర విమానాలకు వచ్చింది. 1980లలో వాయుదూత్ సంస్థ చిన్న విమానాలతో ఇలాంటి పట్టణాలను కలిపింది. 19 సీట్ల డోర్నియర్ విమానం రన్‌వే మీద దిగితే చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు కంచె దగ్గర చేరేవారు. కాపలావాడు ఒకసారి అదిలించి ఊరుకునేవాడు.

2003 సెప్టెంబరులో ఎయిర్ డెక్కన్ హైదరాబాదు, విజయవాడల మధ్య సర్వీసు మొదలుపెట్టింది. తొలి విమానమే బేగంపేటలో గాల్లోకి లేవక ముందు ఇంజనులో మంటలు వచ్చి ఆగిపోయింది. లోపల ఎం. వెంకయ్యనాయుడు వంటి ప్రముఖులున్నారు. అందరూ క్షేమంగా దిగారు. అంత అపశకునం తర్వాత కూడా ఆ కంపెనీ నిలదొక్కుకుని, ఒక్క రూపాయికే టికెట్టు ఇస్తామని ప్రకటించి, బస్సు తప్ప ఎరగని వాళ్ళను విమానమెక్కించింది. విమానాల సంగతిలో “ఆ రోజులే మేలు” అనే ముందు ఇది గుర్తుంచుకోవాలి. ఆ రోజుల్లో విమానం ఎక్కినవాళ్ళు చాలా కొద్దిమంది. మిగతా అందరూ కంచె అవతలే ఉన్నారు.

2017 జనవరిలో గన్నవరంలో కొత్త టెర్మినల్ వచ్చింది. 2018 డిసెంబరులో సింగపూరు విమానం వచ్చింది, కొన్నాళ్ళకే ఆగిపోయింది. 2022 అక్టోబరు చివర షార్జా విమానం మొదలైంది. రన్‌వే ఇప్పుడు 3,360 మీటర్లు.

సాగనంపడానికి వ్యాను నిండా జనం

అమెరికా వెళ్ళే కుర్రాణ్ణి సాగనంపడం ఒకప్పుడు ఈ ఊళ్ళలో పెళ్ళికి తరలినట్టు ఉండేది. మొదట్లో మద్రాసు మీనంబాకం, తర్వాత బేగంపేట. వ్యాను మాట్లాడుకుని, పులిహోర కట్టుకుని, మేనమామలు, పిన్నమ్మలు, పక్కింటివాళ్ళు అందరూ. దండలు వేసేవారు, నుదుట కుంకుమ పెట్టేవారు. విమానం మెట్లెక్కే మనిషి వెనక్కి తిరిగి చెయ్యూపితే గ్యాలరీలో ఉన్నవాళ్ళకు కనిపించేది. ఆ చెయ్యి కనిపించిందా లేదా అన్నది ఊరికి తిరిగొచ్చే దారంతా చర్చ.

ఇది ఎందుకు పోయిందో చెప్పుకోవాలి, ఊరికే ఎవరో లాక్కోలేదు. 1976 సెప్టెంబరులో ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని హైజాకర్లు లాహోరుకు దారి మళ్ళించారు. దాని మీద వేసిన కమిటీ సిఫార్సుతో 1978లో పౌర విమానయాన భద్రతా విభాగం ఏర్పడింది. 1985 జూన్‌లో కనిష్క విమానం బాంబు పేలి సముద్రంలో కూలి 329 మంది పోయారు. అప్పుడు సామానుకూ మనిషికీ తనిఖీలు బిగిశాయి, 1987లో ఆ విభాగం స్వతంత్ర సంస్థ అయింది. 1999 డిసెంబరులో కాందహారు విమాన హైజాకు తర్వాత విమానాశ్రయాల కాపలా సీఐఎస్ఎఫ్ చేతికి వచ్చింది. 2001 సెప్టెంబరులో అమెరికా మీద విమానాలతో దాడి జరిగాక ప్రపంచమంతటా పైలెట్ గది తలుపు గట్టిగా మూసుకుంది. అంతకు ముందు పిల్లల్ని ఆ గదిలోకి తీసుకెళ్ళి మీటర్లు చూపించేవారు. ఇలా పడిన ప్రతి గడియ వెనకా ఒక చెడు వార్త ఉంది.

2006 ఆగస్టులో ద్రవాలతో బాంబు చేయబోయిన కుట్ర లండన్‌లో బయటపడ్డాక అంతర్జాతీయ విమానాల చేతిసంచీలో ద్రవాలకు 100 మిల్లీలీటర్ల కొలత వచ్చింది. దాంతో అమ్మ ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళే ఆవకాయ జాడీ కిందికి, పెద్ద పెట్టెలోకి పోయింది. నాలుగు వరుసల ప్లాస్టిక్ చుట్టినా నూనె కారుతుందేమోనన్న దిగులు మాత్రం ప్రయాణమంతా ఉంటుంది.

కాగితం టికెట్టు 2008 జూన్ 1తో పోయింది. కార్బను ఎర్రగా చేతికంటుకునే ఆ పొడవాటి టికెట్టు పుస్తకాన్ని బీరువాలో పట్టుచీర మడతల్లో దాచుకున్నవాళ్ళున్నారు. చేతిసంచీకి కట్టే చీటీ మీద ముద్ర 2017లో హైదరాబాదు సహా ఏడు విమానాశ్రయాల్లో ఆగిపోయింది. ఇక డిజియాత్రతో ముఖమే టికెట్టు. 2023లో అది గన్నవరానికీ వచ్చింది. బస్సు కండక్టరు కూడా ఒకప్పుడు ముఖం చూసే పోల్చుకునేవాడు. ఆయన మాత్రం అమ్మగారి ఆరోగ్యం కూడా అడిగేవాడు.

పంటు

కొత్త కాలంలోనూ పాత ప్రయాణం చూడాలంటే దివిసీమకు వెళ్ళాలి. పులిగడ్డ, పెనుమూడిల మధ్య వంతెన వచ్చాక అవనిగడ్డ నుంచి రేపల్లెకు రేవు దాటే పని తప్పింది. నాగాయలంక అవతల ఏటిమొగ నుంచి ఎదురుమొండి దీవికి మాత్రం తరతరాలుగా రేవు దాటించే పంటే దిక్కు. మోటారు సైకిళ్ళు, గేదెలు, వరి బస్తాలు, బడి పిల్లలు ఒకే పలక మీద. చూడటానికి వెళ్ళినవాళ్ళకు అది ఎంతో అందం. పురిటి నొప్పులు పడే మనిషిని అర్ధరాత్రి దాటించాల్సినవాళ్ళకు వంతెన కావాలి. వాళ్ళకు వంతెన రావాలనే నేనూ కోరుకుంటాను.

2024 నవంబరు 9న విజయవాడలో కృష్ణ నీళ్ళ మీద నుంచి ఒక విమానం లేచి శ్రీశైలం జలాశయంలో దిగింది. ప్రయోగంగా నడిపిన సీప్లేను అది. పడవలు పోయిన నీళ్ళ మీదికి విమానం వచ్చింది.

మీ ఇంట్లో ఉంటే

బొగ్గు బస్సు ఎక్కినవాళ్ళు ఇప్పుడు తొంభైకి అటూ ఇటూ ఉన్నారు. ఉయ్యూరు, పామర్రు, గుడివాడ, బందరు, అవనిగడ్డ వైపు అలాంటి తాతయ్యలు, అమ్మమ్మలు ఇంకా కొందరున్నారు. వాళ్ళు ఏ బస్సు ఎక్కారో, దాని యజమాని ఎవరో, ఏ రేవు దగ్గర పడవ ఆగేదో ఈ సంక్రాంతికి కూర్చోబెట్టి అడగండి, ఫోనులో రికార్డు చేయండి. అటక మీద సైకిలు బిళ్ళ, పాత ఆర్సీ పుస్తకం, పంచి పడిన బస్సు టికెట్టు, ఎర్ర కార్బను విమానం టికెట్టు ఉంటే పాత ఇనుముకూ పాత కాగితాలకూ వెయ్యకండి. వెనక పేరు, ఊరు, ఏడాది రాసి మీ ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి.